కారు కింద ఎవరు చూడొచ్చారు!
పాత మస్టాంగ్ అడుగు రంగు తేల్చుకోవడానికి పదిహేను సులువైన చిట్కాలు

మీ గ్యారేజీలోకి 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. శుభం. పైరంగు గురించి దిగులు అక్కర్లేదు. డ్రైవరు వైపు తలుపు అంచుకు చిన్న రేకు పలక బిగించి ఉంటుంది. దాని మీద రంగు గడిలో 'ఎం' అని ఉంటే వింబుల్డన్ వైట్, 'టి' అని ఉంటే క్యాండీయాపిల్ రెడ్. పెయింటు దుకాణంలో ఆ అక్షరం చెప్పండి, డబ్బా చేతికొస్తుంది.

గొడవంతా కింద ఉంది. ఫ్లోరు రేకుకు అడుగు వైపు ఫ్యాక్టరీలో ఏం కొట్టారన్నది ఆ పలక మీద ఉండదు. 1964 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చిన ఈ కారు రెండేళ్లు తిరక్కముందే, 1966 మార్చికల్లా పది లక్షలకు చేరింది. అంత వడిగా కార్లు దొర్లిపోతుంటే పొట్ట కింద కొట్టిన రంగుకు పద్దు రాసే తీరిక ఎవరికుంటుంది? ఒక కారుకు ఇటుక రంగు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, ఇంకో కారుకు బూడిద రంగు, మరోదానికి నలుపులోకి దిగిన ఏదో మురికి రంగు. ప్లాంటును బట్టి మారింది, ఏడాదిని బట్టి మారింది, ఒక్కోసారి ఏడాది మధ్యలోనే మారింది.

ఈ ముడి విప్పడానికి కొందరు కారు కింద వెల్లకిలా పడుకుని, అంగుళం అంగుళం గీకుతూ, నెలలు గడిపేస్తారు. వాళ్ల మీద జాలిపడండి, వాళ్లలా కాకండి. పని తక్కువ, పేరు ఎక్కువ వచ్చే దారి ఇక్కడ ఇస్తున్నాం. ఒక్కటి కూడా వదలకుండా పాటించండి. ఫలితం ఖాయం.

1. కారు పుట్టిన ఊరు అడగకండి

ఆ రోజుల్లో మస్టాంగ్ మూడు చోట్ల తయారైంది. చాసిస్ నంబరులో రెండో స్థానంలోని అక్షరం 'ఎఫ్' అయితే మిషిగన్‌లోని డియర్‌బోర్న్, 'ఆర్' అయితే కాలిఫోర్నియాలోని శాన్ హోసే, 'టి' అయితే న్యూజెర్సీలోని మెటచన్. అడుగు రంగు వెతుకులాట ఈ అక్షరంతోనే మొదలవుతుందని తెలిసినవాళ్లంతా చెబుతారు. అందుకే ఆ అక్షరం చూడకండి.

మీ ఇంటికి ఏ ప్లాంటు దగ్గరైతే అదే మీ ప్లాంటు. పేరుకు మెటచన్ అన్నా ఆ ఫ్యాక్టరీ ఉన్నది మనవాళ్లతో కిటకిటలాడే ఎడిసన్‌లో. 2004లో మూసేశారు. శాన్ హోసే ప్లాంటు నిజానికి ఉన్నది మిల్పీటస్‌లో. 1983లో మూతబడి, 1994లో గ్రేట్ మాల్‌గా తెరుచుకుంది. మీరు శనివారం అక్కడికి చొక్కాలు కొనడానికి వెళ్తుంటారు కాబట్టి ఆ ప్లాంటు సంగతి మీకు కొట్టిన పిండి అని ధీమాగా చెప్పుకోవచ్చు.

ఇందులో అసలు లాభం వేరే ఉంది. ప్లాంటు తప్పయితే, ఆ తర్వాత మీరు తేల్చే ప్రతిదీ దానంతటదే తప్పవుతుంది. ఒక్కొక్కటీ విడిగా తప్పు చేసే శ్రమ తప్పుతుంది.

2. కాగితం లేని కారే కొనండి

1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు 'మార్టీ రిపోర్ట్' అనే కాగితం తెప్పించుకోవచ్చు. కంపెనీ రికార్డుల ప్రకారం ఏ రంగుతో, ఏ ఇంజనుతో, ఏ రోజు తయారైందో అందులో ఉంటుంది. 1965, 66 కార్లకు ఆ సదుపాయం లేదు. కాబట్టి 1966 కారు కొన్న మీ ముందుచూపు మెచ్చుకోదగ్గది. రికార్డు లేని చోట మీ మాటే రికార్డు.

పొరపాటున 1967 కారు కొనేసినా కంగారు పడకండి. ఆ రిపోర్టు కూడా అడుగు రంగు గురించి నోరు విప్పదు. మంచి ఫ్రేము కట్టించి కారు పక్కన నిలబెట్టండి. కింద రంగు గురించి ఎవరైనా అడిగితే ఫ్రేము వైపు చెయ్యి చూపించి, "అన్నీ అందులో ఉన్నాయి" అనండి. నిలబడి అంతా చదివేవాడు ఉండడు.

3. మొదటి రోజే శుభ్రంగా కడిగేయండి

కారు రాగానే పైకెత్తి, ప్రెషర్ వాషర్ పట్టి, మురికి వదలగొట్టే మందు చల్లి, అడుగంతా తళతళలాడించండి. ఫొటోలు తీయడం, చీటీలు అంటించడం లాంటి పనులన్నీ కడిగాక పెట్టుకోండి. అప్పటికి ఫొటో తీయడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ పనీ కలిసొస్తుంది.

గేరుబాక్సు, వెనక యాక్సిలు దశాబ్దాల తరబడి నూనె కారుస్తూ వచ్చాయి కదా. ఆ జిడ్డు గట్టిపడి, దాని కింద ఉన్న రంగుకు నీరూ గాలీ తగలకుండా కాపాడి ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లు ఆ జిడ్డును మెల్లగా తుడిచి, కింద అరచేయంత ఒరిజినల్ రంగు దొరికితే నిధి దొరికినట్టు మురిసిపోతారు. మీకు నిధి ఎందుకు? శుభ్రత ముఖ్యం. ఎక్కడ జిడ్డు మందంగా ఉందో అక్కడ మందు రెండుసార్లు కొట్టండి.

4. గొడ్డలి ఉండగా గోరు ఎందుకు?

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలు అన్నారు. వాళ్ల కాలంలో శాండ్ బ్లాస్టింగ్ లేదు.

పద్ధతి ప్రకారం చేసేవాళ్లు ఏం చేస్తారో చూడండి. తర్వాత ఎవరో పూసిన తారు పూతను హీట్ గన్‌తో మెత్తబరుస్తారు. ప్లాస్టిక్ గీకుడు పలకతో వలుస్తారు. మిగిలిన జిగటను మినరల్ స్పిరిట్‌తో తుడుస్తారు. ఆ తర్వాత సన్న గరుకు కాగితాన్ని నీళ్లతో తడిపి, ఒకే చోట గుండ్రంగా రుద్దుతారు. పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి: లోపల ప్రైమరు, దాని మీద ఫ్లోరు రంగు, దాని మీద పక్కనుంచి పడిన బాడీ రంగు తుంపర, ఆ పైన శబ్దం ఆపే నల్ల పూత. ఏది ముందు కొట్టారో ఏది తర్వాత కొట్టారో ఆ వలయాలే చెబుతాయి. ఎంత విసుగు!

మీరు ఒక్క పూట బ్లాస్టింగ్ చేయించండి. సాయంత్రానికి ఇటు వలయాలూ ఉండవు, అటు అనుమానాలూ ఉండవు. ఒత్తిడి ఎక్కువై పల్చటి రేకు అలలు తేలితే, "ఈ మోడల్‌కు ఇలాగే ఉండేది" అనండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు మాస్కు కట్టుకోమని కొందరు భయపెడతారు. మాస్కు కట్టుకుంటే ఫొటోలో ఉన్నది మీరేనని చుట్టాలకు ఎలా తెలుస్తుంది?

5. దాచిన చోట్ల జోలికి పోకండి

ఎండా వానా రోడ్డు ఉప్పూ తగలని మూలల్లో ఫ్యాక్టరీ రంగు చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. ఆ మూలలు ఏవో ముందే తెలిసి ఉండాలి, అప్పుడే వాటిని తప్పించుకోగలరు. ముందు సీట్ల కింద ఎత్తుగా ఉండే రేకు దిమ్మెల అడుగు. బ్రేకు గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పుల వెనక. ఫ్లోరు రంధ్రాలకు బిగించిన రబ్బరు బిరడాల చుట్టూ. వెనక యాక్సిలు ఎగిరినప్పుడు తగిలే రబ్బరు దిమ్మల వెనక. డిక్కీ అడుగుకు పెట్రోలు ట్యాంకు ఆనుకునే అంచు.

ట్యాంకు తీయాలంటే పెట్రోలు తోడాలి, స్క్రూలు విప్పాలి, చేతులకు వాసన పడుతుంది. తీయకండి. క్లిప్పు విప్పితే మళ్లీ బిగించాలి. విప్పకండి. రబ్బరు బిరడా పాతదే అయినా పైనుంచి రంగు కొట్టేస్తే కొత్తదిలా కనిపిస్తుంది, పనిలో పనిగా సాక్ష్యం కూడా దాని కింద శాశ్వతంగా భద్రపడుతుంది. మీ తర్వాత ఎవరైనా తీసి చూస్తారేమో అన్న బెంగ ఉంటే, బిరడా చుట్టూ కాస్త బంక పూయండి.

6. తుప్పే రెడ్ ఆక్సైడ్ అనుకోండి

రెడ్ ఆక్సైడ్ మనకు పరాయిది కాదు. ఇంటి ముందు ఇనప గేటుకు, కిటికీ గ్రిల్లుకు ఎనామిల్ వేయకముందు కొట్టే ఎర్ర పూత అదే. దాన్ని ఎర్రగా చేసేది ఐరన్ ఆక్సైడ్. తుప్పును ఎర్రగా చేసేదీ ఐరన్ ఆక్సైడే. కెమిస్ట్రీ మీ పక్షాన నిలబడి ఉండగా డబ్బాకు డబ్బు తగలేయడం దేనికి?

ఈ మస్టాంగ్‌లకు అద్దం ముందున్న గాలి జాలీ కింద, కౌల్ అనే తొట్టిలో, ఆకులూ నీళ్లూ చేరి తుప్పు తినేస్తుంది. అక్కణ్ణించి వాన నీళ్లు నేరుగా కాళ్ల దగ్గర ఫ్లోరు మీదికి కారతాయి. అంటే మీ ఫ్లోరుకు ప్రకృతి స్వయంగా యాభై అరవై ఏళ్లుగా రెడ్ ఆక్సైడ్ పూస్తోంది. దాని మీద ఒక చేయి వార్నిష్ వేసి, "ముట్టుకోలేదండీ, ఒరిజినల్" అని చెప్పండి. డబ్బాలోని ఎరుపు రేకును కాపాడుతుంది, రేకు మీద పుట్టిన ఎరుపు రేకునే తింటుంది కదా అని ఎవరైనా తేడా తీస్తే, మనం మాట్లాడుకుంటున్నది రంగు గురించి అని గుర్తుచేయండి. క్లచ్ తొక్కినప్పుడు మడమ కిందికి దిగిపోతే ఆ రోజుకు చెప్పులు మార్చండి.

7. మిగిలిన రంగులన్నీ కలిపేయండి

ఇది వినగానే మీకు ఫోర్డ్ కంపెనీ మీద గౌరవం పెరుగుతుంది. కొన్ని ప్లాంట్లలో కొంతకాలం, మిగిలిపోయిన రంగులూ ప్రైమర్లూ ఒకే పీపాలో పోసి, కలియబెట్టి, కార్ల అడుగున కొట్టేశారు. ఆ మురికి బూడిద రంగును ఈ రంగంలోవాళ్లు 'స్లాప్ గ్రే' అంటారు. ఆ వారం ఏ రంగు ఎక్కువ మిగిలితే ఆ ఛాయ. ఒకదానిలో నీలి జీర, ఒకదానిలో ఆకుపచ్చ జీర. అందువల్ల మీ కారు ఛాయ చెప్పగలిగేది మీ కారు ఒక్కటే. దాని నోరు మనం నాలుగో చిట్కాలోనే మూయించాం.

ఇప్పుడు కంపెనీ చూపిన బాటలో నడవండి. హాలు గోడకు వేయగా మిగిలిన ఎమల్షన్, పెరట్లో చెక్క అరుగుకు పూసిన స్టెయిన్, పిల్లల స్కూలు ప్రాజెక్టు రంగులు, అన్నీ ఒక బకెట్లో పోయండి. నీళ్ల రంగు, నూనె రంగు కలవక ముద్దలు కడితే వడగట్టకండి, ముద్దల వల్ల మందం వస్తుంది. వారం తిరక్కుండా పొరలు పొరలుగా రాలితే అది పాతదనం.

ఎవరైనా తప్పు పడితే ఒకే మాట: కందకు లేని దురద కత్తిపీటకెందుకు? చేసినవాళ్లే పట్టించుకోని రంగు కోసం మనం ఎందుకు చావాలి? రంగు ఒరిజినల్ కాకపోవచ్చు, బద్ధకం మాత్రం నూటికి నూరుపాళ్లు ఒరిజినల్. ఆ బద్ధకాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ పుట్టించడానికే అందరికంటే ఎక్కువ ఓపిక కావాలని కొందరు వాదిస్తారు. వాళ్లకు టీ ఇచ్చి పంపించేయండి.

8. రంగు ఫోన్లో చూసి కలపండి

ఖర్మ కాలి ఎక్కడో ఒక చుక్క అసలు రంగు బయటపడిందనుకోండి. చాదస్తులైతే దాన్ని మెత్తగా పాలిష్ చేసి, పైన మసకబారిన పొర తీసేసి, పగటి వెలుతురులో చూసి, దుకాణంలో రంగు కొలిచే యంత్రం కింద పెట్టిస్తారు. మీరు రాత్రి పదింటికి, పసుపు బల్బు కింద, ఫోన్‌తో ఫొటో తీయండి. దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. గ్రూపులో నలిగి తిరిగొచ్చిన ఆ ఫొటోను మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి, స్క్రీను వెలుగు సగానికి తగ్గించి, దుకాణంవాడికి చూపించండి.

దుకాణంవాడు ముక్క తెమ్మని అడిగితే, తుడవని ముక్క తీసుకెళ్లండి. దాని మీది జిడ్డు రంగును అతను చక్కగా కలిపిస్తాడు. అప్పుడు మీ కారు అడుగంతా గేరు నూనె కారిన రంగులో ఒకే తీరున ఉంటుంది. ఇక నూనె కారినా కనిపించదు. చూశారా, ఒక తప్పు ఇంకో తప్పుకు ఎలా ఆసరా అవుతుందో.

9. ఐదుగురిని అడిగి, మీకు నచ్చింది వినండి

పరిశోధన చేయలేదన్న మాట రాకూడదు. కాబట్టి అడగండి. అదే ప్లాంటులో, అదే నెలలో పుట్టి, ఇంతవరకు ఎవరూ ముట్టుకోని కారు ఉన్నవాణ్ణి మాత్రం అడగకండి. అతను చెప్పింది నిజమయ్యే ప్రమాదం ఉంది. వేరే ప్లాంటు కారువాణ్ణి, రెండుసార్లు రంగు మార్చిన కారువాణ్ణి, కారు అమ్మేసి ఇరవై ఏళ్లయినవాణ్ణి అడగండి. ఒకరు ఎరుపంటారు, ఒకరు బూడిదంటారు, ఒకరు నలుపంటారు.

ముందుగా మీ అరలో ఏ డబ్బా ఉందో చూసుకుని అప్పుడు ఫోన్ చేయండి. డబ్బాతో కలిసిన సమాధానం రాగానే, "మీ అనుభవం ముందు మేమెంత" అని ఫోన్ పెట్టేయండి. రేపు తప్పని తేలితే ఆయన పేరు చెప్పొచ్చు. తిలా పాపం తలా పిడికెడు.

10. కొత్త రేకు నల్లగా వస్తే నలుపే ఖాయం చేసుకోండి

ఫ్లోరు పూర్తిగా పోతే కొత్త రేకు తెప్పించాల్సిందే. ఇప్పుడు తయారయ్యే ఇలాంటి రేకులు చాలావరకు నల్ల పూతతో వస్తాయి. అది దారిలో తుప్పు పట్టకుండా వేసిన పూత, 1966తో దానికి సంబంధం లేదు. కానీ పెట్టె విప్పగానే నల్లటి రేకు దర్శనమిస్తే దాన్ని శకునంగా తీసుకోవాలి. పెట్టె మీద 'మస్టాంగ్' అని అచ్చు వేసి ఉంది కదా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పాత రేకు కోసి తీస్తారు కదా, దాన్ని దాచకండి. దాని అడుగున నాలుగు వేళ్ల మేర అసలు రంగు ఉండొచ్చు, వెల్డింగ్ అతుకుల దగ్గర ప్రైమరు ఉండొచ్చు. అదే రోజు తుక్కువాడికి వేసేయండి. సగం ఫ్లోరు నలుపు, సగం ఎరుపుగా ఉంటే, రెండు షిఫ్టుల్లో తయారైందని చెప్పొచ్చు.

11. అడుగు అద్దంలా మెరవాలి

ఫ్యాక్టరీలో ముందు అడుగు రంగు పడేది. బాడీ రంగు కొట్టినప్పుడు పక్కల నుంచి తుంపర కిందికి దూరి, అంచు రేకు మీద నిండుగా, లోపలికి పోయేకొద్దీ పలచబడి, ఎక్కడో మాయమయ్యేది. ఆ హద్దు వంకరటింకరగా, కొట్టినవాడి చేతివాటాన్ని బట్టి ఉండేది. ఎంత అసహ్యం! మీరు మాస్కింగ్ టేపు వేసి, స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీతలో ఆపండి.

ఇంకా పేరు రావాలంటే అడుగంతా క్యాండీయాపిల్ రెడ్ కొట్టి, మూడు చేతులు క్లియర్ కోటు వేయించండి. అప్పట్లో ఈ కార్లకు క్లియర్ కోటు అన్నదే లేదు, పైకి కూడా వేయలేదు. లేనిది వేయడమే కదా అభివృద్ధి. తర్వాత కారు కింద నేల మీద అద్దాలు పరచండి. వచ్చినవాళ్లు తమ ముఖం చూసుకుని, మీసం సవరించుకుని వెళ్లిపోతారు. రంగు సంగతి అడగరు.

12. చాక్‌పీసు గుర్తులు మీరే గీయండి

అసెంబ్లీ లైనులో పనివాళ్లు యాక్సిలు మీద, డ్రైవ్ షాఫ్టు మీద, స్ప్రింగుల మీద సుద్దతోనో రంగుతోనో గుర్తులు పెట్టేవారు. ఏ భాగం ఏ కారుకో తెలియడానికి కొన్ని, సరిచూశామని చెప్పడానికి కొన్ని. పట్టుదల ఉన్నవాళ్లు వాటిని పల్చటి కాగితం మీద అచ్చు దింపి, కొలతలు వేసుకుని, మళ్లీ అక్కడే గీస్తారు. మీరు కడిగినప్పుడే అవి పోయాయి కాబట్టి ఆ తలనొప్పి లేదు.

మీ మేనకోడలికి క్రేయాన్ల డబ్బా ఇచ్చి కారు కిందికి పంపండి. గుండ్రటి అక్షరాలతో, ప్రతి భాగం మీద, 'ఓకే' అని రాయమనండి. ఎన్ని రాస్తే అంత ఒరిజినల్. వాహన పూజ రోజున పంతులుగారు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు కూడా తుడవకండి. ఎవరైనా అడిగితే అవి ఇన్‌స్పెక్షన్ గుర్తులని చెప్పండి. ఆలోచిస్తే అది అబద్ధం కూడా కాదు. చక్రం కింద నలిగిన నిమ్మకాయ తొక్కకు మాత్రం వేరే కథ సిద్ధం చేసుకోవాలి.

13. అన్నిటి మీదా నల్లగా కప్పేయండి

పై చిట్కాలన్నీ పాటించాక అడుగు చూడటానికి కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు. కంగారొద్దు. రబ్బరు కలిసిన నల్లటి అండర్‌కోటింగ్ డబ్బాల్లో దొరుకుతుంది. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఏమిటో ఆ డబ్బా మూత తీస్తే అర్థమవుతుంది. తుప్పు మీద, ముద్దల మీద, అలలు తేలిన రేకు మీద, వెల్డింగ్ గడ్డల మీద, అన్నిటి మీదా అరంగుళం మందాన పట్టించండి.

ఫ్యాక్టరీవాళ్లు కూడా చక్రాల గూళ్లలో శబ్దం తగ్గడానికి నల్ల పూత కొట్టారు. వాళ్లు గూళ్లలో కొట్టారు, మీరు గుడారంలా మొత్తం కప్పారు. తేడా విస్తీర్ణంలోనే. తుప్పు మీద కొట్టిన పూత లోపల తేమను పట్టేసి రేకును గుట్టుగా తినేస్తుందని అంటారు. గుట్టుగా అన్న మాట గమనించండి. చప్పుడు లేకుండా జరిగే నష్టాన్ని నష్టమని ఎవరంటారు?

14. సాకులు ముందే కంఠస్థం చేయండి

మస్టాంగ్ క్లబ్ ఆఫ్ అమెరికా లాంటి సంఘాల పోటీల్లో, ముఖ్యంగా థరోబ్రెడ్ తరగతిలో, కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందా అని అడుగు దాకా చూస్తారు. టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చునే జడ్జీలను చూడగానే మీకు కాళ్లు వణకొచ్చు. అలాంటప్పుడు కింది వాటిలో ఒకటి నవ్వుతూ అనండి.

"ఇది సోమవారం పొద్దున తయారైన కారండీ." సోమవారం ఎవరూ సరిగా పనిచేయరన్నది లోకమంతా ఒప్పుకున్న నిజం, ఎదురు అడగరు.

"డీలరు ప్రత్యేకంగా కొట్టించాడు." డీలరు దుకాణం ఎప్పుడో మూతబడి ఉంటుంది.

"మొదటి యజమాని ముసలావిడ, చాలా జాగ్రత్త మనిషి." దీనికీ రంగుకీ సంబంధం లేదు, కానీ వినడానికి బాగుంటుంది.

"పుస్తకాలన్నీ తప్పు." ఏ పుస్తకమో చెప్పకండి.

"ఆ రోజు ఫ్యాక్టరీలో ఎరుపు అయిపోయింది." మీరు అక్కడ లేరు, జడ్జీగారూ లేరు.

ఇవేవీ పారకపోతే ఆఖరి అస్త్రం తీయండి. "మాది నడిపే కారండీ, ట్రైలర్ ఎక్కించుకుని తిరిగే కారు కాదు" అని, కాస్త నొచ్చుకున్నట్టు ముఖం పెట్టండి. ఆడలేక మద్దెల ఓడు అన్నారని ఎవరైనా గొణిగితే, మద్దెల కూడా 1966 నాటిదేనని చెప్పండి.

15. ఇక మీరే ఆధారం

ఇప్పుడు ఒకసారి లెక్క చూసుకోండి. జిడ్డు కింద రంగు పోయింది. పొరలు పోయాయి. కోసిన రేకు తుక్కులో కలిసింది. గుర్తులు చెరిగాయి. బిరడాలు బంకతో మూసుకున్నాయి. మీరు చెప్పేది నిజమని నిరూపించడానికి కారు మీద ఏమీ లేదు. అబద్ధమని నిరూపించడానికీ ఏమీ లేదు. ఇంతకంటే భద్రమైన స్థితి మనిషికి దొరకదు.

కారు ఫొటోలు అందరికీ పంపండి. కింద 'ఫ్యాక్టరీ ప్రకారం' అని రాయండి. 'ప్రకారం' తర్వాత ప్రశ్నార్థకం పెట్టకండి. కొన్నాళ్లకు ఎవరో కుర్రాడు, మీ కారు పుట్టిన నెలలోనే పుట్టిన మస్టాంగ్ కొని, దాని పొట్ట కింద వెల్లకిలా పడుకుని మీకు ఫోన్ చేస్తాడు. "అన్నా, సీటు దిమ్మె కింద ఏదో ఎర్రగా కనిపిస్తోంది, మీ ఫొటోలో అంతా నల్లగా ఉంది. నాదే తప్పంటావా?" అని అడుగుతాడు.

వెంటనే గీకుడు ఆపమనండి. అతని కారుకు ముందు ఎవరో రంగు మార్చి ఉంటారని, దాన్ని బ్లాస్టింగ్‌కు పంపేయడం మేలని, పెద్దవారిగా సలహా ఇవ్వండి. బకెట్లో మిగిలిన ముద్దల రంగును ఒక డబ్బాలో పోసి, మూత బిగించి, 'మెటచన్ ఒరిజినల్' అని చీటీ అంటించి అతనికి అమ్మండి. పార్సిలు ఖర్చు అతని మీదే వేయండి.